టైపు మిషను నుంచి మెకానికల్ కీబోర్డు దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాసి ఇవ్వవలసిందని మన సంఘ కార్యదర్శిగారు కోరినప్పుడు, నేను పాత తాలూకా కచేరీల గురించో, పే రివిజన్ల గురించో వ్రాస్తానని వారు అనుకొని ఉంటారు. ఆ విషయాలు నాకంటె బాగా తెలిసిన పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నాకు చేతనైన విద్య టైపు. 1973లో టైపిస్టుగా చేరి, 2008లో సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసేదాకా ఏదో ఒక కీబోర్డు మీద నా వేళ్ళు ఆడుతూనే ఉన్నాయి. అందుచేత వేళ్ళకు సంబంధించిన చరిత్రే ఎంచుకున్నాను.

ఇందుకు ఒక కారణం కూడా ఉంది. మన సభ్యులలో సగంమంది ఇళ్ళలో కొడుకో, కోడలో, మనవడో సాఫ్ట్‌వేరు ఉద్యోగంలో ఉన్నారు. ఈ మధ్య ఆ పిల్లలు మెకానికల్ కీబోర్డు అని ఒకటి తెప్పించుకుంటున్నారు. మామూలు కీబోర్డు నాలుగైదు వందలకు బజారులో దొరుకుతుంటే వీళ్ళు దానికి ఐదు వేలు, పది వేలు, కొందరు అంతకు మించి పెడుతున్నారు. "టకటకమని చప్పుడు చేసే దానికి నా రెండు నెలల మందుల ఖర్చు పోసాడండీ మా వాడు" అని ఒక మిత్రులు నెలవారీ సమావేశంలో వాపోయారు. ఇంకొకరు, "మీరు టైపు మనుషులు కదా, ప్రోగ్రాములు వ్రాసేవాళ్ళకు నిజంగా అది కావాలా, లేక వేషమా, చెప్పండి" అన్నారు. నిలబడి రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదని అప్పుడు ఊరుకున్నాను. ఇప్పుడు కూర్చొని చెబుతున్నాను.

ముందు కీబోర్డు పుట్టుక. అమెరికాలో మిల్వాకీ అనే ఊళ్ళో క్రిస్టఫర్ లేథం షోల్స్ అని ఒకాయన ఉండేవాడు. పత్రికా సంపాదకుడు, అచ్చు పని తెలిసినవాడు. ఆయన ఇద్దరు సహచరులతో కలిసి 1868లో టైపు మిషనుకు పేటెంటు పొందాడు. ఆ హక్కులను రెమింగ్టన్ కంపెనీ తీసుకొని 1874లో మిషనును బజారులోకి తెచ్చింది. రెమింగ్టన్ వారు అప్పటికి తుపాకులూ, కుట్టు మిషన్లూ చేసేవారు. అందుకే ఆ మొదటి టైపు మిషను కుట్టు మిషను బల్ల మీద కూర్చొని, పైన పువ్వుల బొమ్మలతో ఉండేది. క్యారేజి వెనక్కు రావాలంటే కాలితో తొక్కాలి. అన్నీ పెద్దక్షరాలే. పైగా అక్షరం కాగితం అడుగు నుంచి కొట్టేది కాబట్టి, ఏం కొట్టామో వెంటనే కనబడేది కాదు. దాని ధర 125 డాలర్లు. చిన్నక్షరాలు, షిఫ్ట్ కీ 1878లో వచ్చిన రెండో నమూనాతో వచ్చాయి.

క్యూ, డబ్ల్యూ, ఇ, ఆర్, టి, వై అన్న వరస కూడా అప్పటిదే. టైపు కడ్డీలు ఒకదాని కొకటి తగిలి ఇరుక్కోకుండా ఉండేందుకు తరచు వచ్చే జంట అక్షరాలను దూరంగా పెట్టారని మనకు ఇన్‌స్టిట్యూటులో చెప్పారు. నాకు ఆ రోజుల్లోనే అనుమానం ఉండేది. ఇంగ్లీషులో ఇ, ఆర్ జంటలేని వాక్యం అరుదు గదా, ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయేమి అని. 2011లో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆ పాత కథను కాదని, తొలి రోజుల్లో ఈ మిషన్లను వాడిన టెలిగ్రాఫు గుమాస్తాల అవసరాలను బట్టి వరస మారుతూ వచ్చిందని వాదించారు. కారణం ఏదైనా, ఆ వరస 150 ఏళ్ళుగా మన నెత్తిన ఉంది. 1936లో డ్వొరాక్ అనే ప్రొఫెసరుగారు ఇంతకంటె మంచి వరస అని ఒకటి పేటెంటు చేసినా లోకం కదలలేదు.

చూడకుండా పది వేళ్ళతో కొట్టడం మొదటి నుంచీ ఉన్న విద్య కాదు. 1888 జూలై 25న సిన్సినాటీ నగరంలో ఒక పోటీ జరిగింది. ఫ్రాంక్ మెక్‌గరిన్ అనే కోర్టు స్టెనోగ్రాఫరు కీబోర్డు వంక చూడకుండా కొట్టి, చూసి కొట్టే ట్రాబ్ అనే ఆయనను ఓడించాడు. ఆ గెలుపుతోనే ఈ పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. మన వర్గంవాడు, ఒక కోర్టు ఉద్యోగి గెలిచిన పోటీ ఇది. మన వాళ్ళు ఎవరూ దీన్ని చెప్పుకోరు.

మన దేశంలో 1955లో గోద్రెజ్ వారు మొదటి స్వదేశీ టైపు మిషను తయారు చేశారు. రెమింగ్టన్, హల్డా, ఫేసిట్, గోద్రెజ్ - ఈ నాలుగు పేర్లు చదవగానే మిత్రులకు ఆయిలు వాసన తగిలి ఉండాలి. లోయరుకు నిమిషానికి 30 మాటలు, హయ్యరుకు 45 మాటలు. పరీక్షకు ఇన్‌స్టిట్యూటు నుంచి మిషన్లను రిక్షాలో వేసుకొని పరీక్షా కేంద్రానికి తీసుకుపోయేవాళ్ళం. అలవాటైన మిషను మీదే కూర్చోవాలని ప్రతివాడికీ ఆరాటం. ఎందుకంటే ఒక్కొక్క మిషనుకు ఒక్కొక్క బిగువు. ఒకదానిలో కీ లోతుగా దిగాలి, మరొకదానిలో తాకితే చాలు. ఈ బిగువు సంగతే ఈ వ్యాసానికి మూలం, కాస్త నిదానించి చెబుతాను.

పాత మిషనులో అక్షరం కాగితం మీద పడాలంటే ఆ శక్తి అంతా వేలిదే. కీ నొక్కితే కడ్డీ లేచి, రిబ్బను మీద కొట్టి, వెనక్కు పడాలి. బలమైన చూపుడు వేలు కొట్టిన అక్షరం నల్లగా, చిటికెన వేలు కొట్టిన అక్షరం పాలిపోయి పడేది. ఇంగ్లీషులో అంత తరచుగా వచ్చే 'ఎ' అక్షరాన్ని ఎడమ చిటికెన వేలికి ఇచ్చిన మహానుభావుడెవరో! ఇక సైక్లోస్టైలుకు స్టెన్సిలు కోయడం చూడండి. రిబ్బను తప్పించి, మైనపు కాగితం మీద నేరుగా కొట్టాలి. మెల్లగా కొడితే అక్షరం తెగదు, గట్టిగా కొడితే 'ఓ' అక్షరం మధ్య ముక్క ఊడి గుండ్రటి చిల్లు పడుతుంది. కాబట్టి ఎంత దూరం నొక్కాలో, ఎక్కడ ఆపాలో వేలికే తెలియాలి. ఆ తెలివిడి వేలికి ఇచ్చేది రెండే: కీ ఎదురు బిగువు, అక్షరం పడ్డ చప్పుడు. చప్పుడును బట్టి, 'సున్నితంగా పడింది, మళ్ళీ కొట్టాలి' అని తల తిప్పకుండానే తెలిసేది.

తెలుగు మిషను మరో పరీక్ష. 1966లో అధికార భాషా చట్టం, 1974లో అధికార భాషా సంఘం వచ్చిన తరువాత కచేరీలకు తెలుగు మిషన్లు మెల్లమెల్లగా చేరాయి. గుణింతాలు, ఒత్తులు అన్నీ ఇంగ్లీషు మిషనుకున్నంత చోటులోనే ఇరికించారు. కొన్ని కీలు నొక్కితే క్యారేజి జరగదు. గుర్తు పడిన చోటే తరువాతి అక్షరం పడాలి. రెండు మిషన్లూ ఒకే రోజున కొట్టవలసి వచ్చినప్పుడు వేళ్ళు కాసేపు తికమకపడి, తరువాత వాటంతట అవే సర్దుకొనేవి.

ఇప్పుడు కంప్యూటరు దగ్గరకు వద్దాం. ఇక్కడ మన పిల్లలకు తెలియని సంగతి ఒకటి ఉంది. మొదటి తరం ప్రోగ్రామర్లలో చాలామందికి కీబోర్డుతో పనే లేదు. వాళ్ళు గళ్ళ కాగితాల మీద పెన్సిలుతో ప్రోగ్రాము వ్రాసేవారు. ఆ కాగితం పంచింగు గదికి వెళ్ళేది. అక్కడ పంచ్ ఆపరేటర్లు, ఎక్కువమంది ఆడవాళ్ళు, 80 నిలువు వరసలుండే అట్ట కార్డుల మీద చిల్లులు పొడిచేవారు. మన దేశంలో కూడా 1970లలో కంప్యూటరు కేంద్రాలలో పంచ్ ఆపరేటరు అనేది విడి ఉద్యోగమే. ఆఫీసరు చిత్తుప్రతి వ్రాస్తే టైపిస్టు సాపు చేసినట్లే అన్నమాట. వ్రాసేవాడు ఒకడు, వేళ్ళు అరిగేవాడు ఇంకొకడు. కాబట్టి "ప్రోగ్రామరుకు ఎలాంటి కీబోర్డు కావాలి" అన్న ప్రశ్నే ఆనాడు పుట్టలేదు. పంచ్ ఆపరేటరుకు ఎలాంటిది కావాలని ఎవరూ అడగలేదు.

ప్రోగ్రామరు తానే కీబోర్డు ముందు కూర్చోవడం టెలిటైపులతో మామూలు పని అయింది. 1963లో వచ్చిన టెలిటైపు 33వ నమూనా సెకనుకు 10 అక్షరాలు కొట్టేది, అదీ పెద్ద మోతతో. దాని కీలు బండవి. 1969లో బెల్ లాబరేటరీలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ అనే వ్యవస్థ మొదలుపెట్టినప్పుడు వారి చేతి కింద ఇలాంటి టెలిటైపులే ఉన్నాయి. ఆ వ్యవస్థలో ఆజ్ఞలు 'ఎల్ ఎస్', 'సి పి', 'ఎం వి' అని రెండేసి అక్షరాలే ఉండటానికి ఆ బండ కీబోర్డే కారణమంటారు. నాకు నమ్మదగిందిగానే తోస్తుంది. మన కచేరీలో ఆర్.డిస్, ఎల్.డిస్, డి.డిస్ అని ముక్కలు చేసింది కూడా చేతి శ్రమ తగ్గించుకోవడానికే కదా! ఆ రెండక్షరాల ఆజ్ఞలే ఈనాటికీ మన పిల్లలు కొడుతున్నారు.

అలాంటిదే ఇంకొకటి. 1976లో బిల్ జాయ్ అనే విద్యార్థి 'వి ఐ' అనే వ్రాత ప్రోగ్రాము తయారు చేశాడు. ఆయన వాడిన టెర్మినలులో బాణం గుర్తులకు వేరే కీలు లేవు. హెచ్, జె, కె, ఎల్ కీల మీదే ఆ బొమ్మలు వేసి ఉండేవి. అందుచేత ఆ ప్రోగ్రాములో పైకీ కిందికీ పక్కకూ జరగడానికి ఆ నాలుగు అక్షరాలే పెట్టాడు. ఆ టెర్మినలు ఎప్పుడో తుక్కులోకి పోయింది, అలవాటు మాత్రం మిగిలింది. మా మనవడు కంప్యూటరు మీద ఇప్పటికీ ఆ నాలుగు కీలతోనే తిరుగుతాడు. "బాణాలున్నాయి కదరా" అంటే, "చెయ్యి అక్కడికి తియ్యడం ఎందుకు తాతయ్యా, ఎఫ్, జె మీద వేళ్ళు కదపకూడదు" అన్నాడు. హోం రో వదలకూడదని మా ఇన్‌స్టిట్యూటు మాస్టారు స్కేలుతో వేళ్ళ మీద కొట్టి చెప్పిన మాటే అది.

కంప్యూటరు కీ ఏ అక్షరాన్నీ కాగితం మీద కొట్టదు. లోపల రెండు లోహపు ముక్కలు తగిలి విద్యుత్తు పారితే చాలు. అంటే కీకి బిగువు ఉండవలసిన అవసరమే లేదు. తయారీదారు ఎలా పెడితే అలా ఉంటుంది. కానీ 1970లలో, 80లలో కంప్యూటరు కొన్నవి పెద్ద ఆఫీసులు, వాటి ముందు కూర్చున్నది టైపు మిషను అలవాటున్నవాళ్ళు. ఐ.బి.ఎం. వారు 1961లోనే సెలక్ట్రిక్ అనే విద్యుత్ టైపు మిషను తెచ్చి, కడ్డీల బదులు గోళీలాంటి అక్షరాల బంతి పెట్టారు. దాని స్పర్శకు అలవాటుపడిన వేళ్ళు మెత్తటి కీలను ఒప్పుకోలేదు. అందుకని ఆ కంపెనీ ఇంజనీరు రిచర్డ్ హారిస్ ఒక ఉపాయం చేశాడు. ప్రతి కీ కింద ఒక స్ప్రింగు. నొక్కుతూ పోతే ఒక స్థానంలో అది పక్కకు వంగి 'టక్'మంటుంది. అదే క్షణంలో అక్షరం నమోదవుతుంది. వేలికీ చెవికీ ఒకేసారి కబురు అందుతుంది. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పి.సి. కీబోర్డులోనూ, 1985లో మొదలైన మోడల్ ఎం కీబోర్డులోనూ ఈ స్ప్రింగులే. మోడల్ ఎం బరువు రెండు కిలోలకు పైమాటే. అది ఈనాటికీ పనిచేస్తున్నవి లోకంలో చాలా ఉన్నాయి.

అదే కంపెనీ 1984లో పి.సి. జూనియర్ అని చవక యంత్రం అమ్మింది. దాని కీలు చూయింగ్ గమ్ బిళ్ళల్లా ఉన్నాయని కొన్నవాళ్ళు ఎంత గోల చేశారంటే, కంపెనీ వారు కీబోర్డులను ఉచితంగా మార్చి ఇవ్వవలసి వచ్చింది. ఆ యంత్రం మరుసటి ఏడే ఆగిపోయింది. కీబోర్డు అల్పమైన వస్తువనుకొనేవారికి ఈ కథ చెప్పాలి.

1990లలో కంప్యూటరు ఇంటింటి వస్తువు అవుతున్నకొద్దీ ధర దిగిరావలసి వచ్చింది. మొదట కోత పడ్డది కీబోర్డు మీద. విడివిడి స్ప్రింగుల బదులు రబ్బరు బుడిపెల పరుపు ఒకటి వేసి, దాని కింద ప్లాస్టిక్ పొరలు పెట్టారు. ఇప్పుడు మన ఇళ్ళలో, ఆఫీసులలో ఉన్న మామూలు కీబోర్డు అదే. అందులో కీ అడుగు దాకా దిగితే గాని అక్షరం పడినట్లు నమ్మకం ఉండదు. వేలు ప్రతిసారీ నేలను తన్నినట్లు అడుగును తాకుతుంది. రబ్బరు పాతబడినకొద్దీ ఒక కీ మెత్తగా, ఒకటి మొండిగా తయారవుతుంది.

మెకానికల్ కీబోర్డు అంటే ప్రతి కీకి విడిగా ఒక స్విచ్చి, దానికొక స్ప్రింగు ఉన్నది. ఇందులో పేరున్నది చెర్రీ కంపెనీ. 1953లో వాల్టర్ చెర్రీ అనే ఆయన అమెరికాలో స్థాపించిన కంపెనీ అది, తరువాత జర్మనీలో స్థిరపడింది. 1980ల నడుమ వచ్చిన వారి ఎం.ఎక్స్. స్విచ్చిలో కీ ప్రయాణం 4 మిల్లీమీటర్లు; సుమారు సగం దూరంలోనే, అంటే 2 మిల్లీమీటర్ల దగ్గరే అక్షరం పడుతుంది. రంగును బట్టి గుణం. ఎరుపు జారుడుగా దిగుతుంది, గోధుమ రంగు మధ్యలో చిన్న గతుకు తగిలిస్తుంది, నీలం ఆ గతుకుతోపాటు 'క్లిక్'మంటుంది. ఒక్కొక్క స్విచ్చి 5 కోట్ల నొక్కుళ్ళకు తట్టుకుంటుందని కంపెనీ చెప్పుకొనేది, తరువాత 10 కోట్లు అన్నారు. పేటెంటు గడువు తీరాక చైనా కంపెనీలు అదే అచ్చులో వందల రకాలు చేయడం మొదలుపెట్టాయి. 2010 తరువాత ఈ కీబోర్డులు ఇంత విరివిగా దొరకడానికి అది ఒక కారణం. రెండో కారణం వీడియో ఆటలవాళ్ళు.

పేరు మాత్రం నాకు నవ్వు తెప్పిస్తుంది. కరెంటు లేకుండా కేవలం కడ్డీలూ స్ప్రింగులతో నడిచిన మన రెమింగ్టనును ఎవరూ 'మెకానికల్' అనలేదు. కరెంటు స్విచ్చిలున్న దానికి ఆ బిరుదు దక్కింది.

ఇందులో కుర్రవాళ్ళు గొప్పగా కనిపెట్టింది ఏమీ లేదని కూడా చెప్పాలి. చెన్నై టి.వి.ఎస్. వారి గోల్డ్ కీబోర్డు మనలో ఎంతమందికి గుర్తుంది? తెల్లటి బరువైన పలక, నొక్కితే గట్టిగా టకటకమనేది. నా సర్వీసు చివరి పదేళ్ళలో మా సెక్షనులో డేటా ఎంట్రీ పిల్లలు దాని మీదే కొట్టేవారు. కోర్టు ముందర డి.టి.పి. షాపులలో, అనూ ఫాంట్లతో తెలుగు దస్తావేజులు కొట్టే దుకాణాలలో ఎన్నో చోట్ల అదే ఉండేది. దానిలో ఉన్నవి ఆ చెర్రీ నీలం స్విచ్చిలేనని నాకు నిరుడు మా మనవడు చెబితే తెలిసింది. "తాతయ్యా, మీరు అప్పట్లోనే మెకానికల్ వాడారా!" అని వాడు నోరు తెరిచాడు. పేజీకి ఇంత అని కూలి తీసుకొనే డి.టి.పి. మనిషి తన డబ్బుతో ఆ ఖరీదైన కీబోర్డే ఎందుకు కొనేవాడో ఆలోచించండి. వాడికి వేషాలు వేసే స్తోమతు లేదు.

అయితే డి.టి.పి. మనిషి పని వేరు, ప్రోగ్రామరు పని వేరు. ఇక్కడే అసలు ప్రశ్న. టైపిస్టుకు రోజంతా ధారగా కొట్టడమే పని. ప్రోగ్రామరు ఒక గంట ఆలోచించి పది పంక్తులు కొట్టి, అందులో ఆరు చెరిపేస్తాడు. మా ఇంట్లో నేను కళ్ళారా చూస్తున్నాను. వాడు గడ్డం గోక్కొనే సేపే ఎక్కువ. వేగం అతనికి అంత ముఖ్యం కాదు. అసలు వేగం కీబోర్డును బట్టి వస్తుందా అన్నదీ చూడాలి. 2018లో ఫిన్లండులోని ఆల్టో విశ్వవిద్యాలయం వారు 1,68,000 మంది టైపు చేసిన తీరును పరిశీలించారు. సగటు వేగం నిమిషానికి సుమారు 52 మాటలు. ఒక కీ మీద నుంచి వేలు లేవక ముందే తరువాతి కీని నొక్కడం వేగంగా కొట్టేవాళ్ళ లక్షణమని వారు గమనించారు. పది వేళ్ళ పద్ధతి నేర్వనివాళ్ళు కూడా కొందరు అంతే వేగంగా కొట్టారట. హయ్యరు పాసైనవాడిగా ఇది నాకు మింగుడు పడలేదు గాని, లెక్క లెక్కే.

ఇంకా వెనక్కు వెళితే, 1843లోనే బాబేజీ యంత్రం కోసం లెక్కల క్రమం వ్రాసిన ఏడా లవ్‌లేస్ వాడింది కలం. ఇటీవలివాడు డచ్చి శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి దగ్గరి దారి కనుక్కొనే లెక్కను 1956లో ఆమ్‌స్టర్‌డాంలో ఒక కాఫీ హోటలులో కూర్చొని, కాగితం కూడా లేకుండా, 20 నిమిషాలలో ఊహించాడు. అది 1959లో అచ్చయింది. ఆయన జీవితంలో 1300కు పైగా వ్యాసపత్రాలు వ్రాశాడు, వాటిలో ఎక్కువ భాగం ఫౌంటెన్ పెన్నుతోనే. ఇంత పెద్ద ప్రోగ్రామరుకు మెకానికల్ కీబోర్డు కాదు, ఏ కీబోర్డూ పెద్దగా అక్కర లేకపోయింది. మన నెలవారీ సమావేశంలోని మిత్రులకు ఈ ముక్క నచ్చుతుందని నాకు తెలుసు.

కానీ వారు అక్కడే ఆగిపోకూడదు. వేళ్ళ ఆరోగ్యం సంగతి ఉంది. నేను మొదట పనిచేసిన కచేరీలో నాకంటె పదేళ్ళు పెద్ద అయిన టైపిస్టు ఒకావిడ ఉండేది. అసెంబ్లీ సమావేశాల రోజుల్లో రోజుకు పది పన్నెండు స్టెన్సిళ్ళు కోసేది. కుడి చేతి వేళ్ళు తెల్లవారేసరికి బిగుసుకుపోయేవి. వేడినీళ్ళలో పెట్టుకొని ఆఫీసుకు వచ్చేది. ఒకసారి మెడికల్ లీవు పెడితే, "టైపు కొడితే నొప్పేమిటమ్మా, రాళ్ళు మోశావా" అని పై అధికారి కాగితం తిప్పి పంపాడు. ఆవిడ మిషను బాగా బిగువుగా ఉందని, పక్క సెక్షనులో ఖాళీగా ఉన్న మెత్తటి మిషను ఇప్పించమని నోటు పెట్టింది. 'లభ్యత లేదు' అని మూడు నెలలకు జవాబు వచ్చింది. ఆ మిషను రిటైరయ్యే దాకా ఆవిడతోనే ఉంది. తక్కువ కొటేషను ఎవరిదైతే వారి సరుకు, వాడేవాడి వేలిని ఎవరు అడిగారు?

ఈ నొప్పి కల్పన కాదని ఇప్పుడు వైద్యులు ఒప్పుకుంటున్నారు. 1980లలో ఆస్ట్రేలియాలో కీబోర్డు ఉద్యోగులలో ఈ నొప్పులు ఎక్కువై అది పెద్ద వివాదమైంది. 1999లో అమెరికాలో చేతి నొప్పి ఉన్న 20 మందికి రెండు రకాల కీబోర్డులు ఇచ్చి చూశారు. తేడా కీని నొక్కినప్పుడు ఎదురయ్యే బిగువు తీరులోనే. 6 వారాలకు తేడా కనబడలేదు గాని, 12 వారాలకు ఒక రకం వాడినవాళ్ళకు నొప్పి తగ్గింది. ఇది చిన్న పరీక్షే. దీన్ని పట్టుకొని మెకానికల్ కొంటే నొప్పి పోతుందని ఎవరైనా అమ్మజూస్తే నమ్మవద్దు. బల్ల ఎత్తు, మణికట్టు వంపు, మధ్యలో విశ్రాంతి - వీటి పాలు కూడా పెద్దదే. కానీ కీ నొక్కుడు తీరు వేలి మీద పనిచేస్తుందన్నది మాత్రం వేడినీళ్ళ గిన్నె చూసిన నాకు వేరే సాక్ష్యం అక్కర లేని సంగతి.

చెడ్డ కీబోర్డు ఏం చేస్తుందో ఇటీవలి ఉదాహరణ కూడా ఉంది. ఆపిల్ కంపెనీ 2015లో తన ల్యాప్‌టాపులను పలచన చేయడానికి సీతాకోకచిలుక రెక్కల్లాంటి కొత్త అమరిక పెట్టింది. కీ ప్రయాణం బాగా తగ్గించారు. సన్నటి దుమ్ము దూరినా ఒక అక్షరం రెండుసార్లు పడేది, లేదా అసలు పడేది కాదు. లక్షల రూపాయల యంత్రం పెట్టుకొని ప్రోగ్రామర్లు లబోదిబోమన్నారు. 2019లో కంపెనీ పాత పద్ధతికి తిరిగి రావడం మొదలుపెట్టింది. కోర్టు దావా 2022లో 5 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. ప్రోగ్రాములో ఒక సెమికోలన్ ఎగిరిపోతే ఏమవుతుందో మీ పిల్లలను అడగండి. మన జి.ఓ.లో ఒక సున్నా ఎగిరిపోయినట్లే.

మరి అందరూ మెకానికలే కొనాలా? జపానులో ఐచి వాడా అనే ప్రొఫెసరుగారు ప్రోగ్రామర్ల కోసమే 60 కీల చిన్న కీబోర్డు ఒకటి రూపొందించగా 1996లో పి.ఎఫ్.యు. కంపెనీ దాన్ని అమ్మింది. గుర్రం చచ్చిపోయినా రౌతు తన జీనును వదలడు, కంప్యూటరు మారినా కీబోర్డు మన సొంతం కావాలి అన్నది ఆయన ఆలోచన. ప్రోగ్రామర్లు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. తమాషా ఏమంటే, మొదటి నమూనాలో ఉన్నది రబ్బరు పరుపే! 2003లో వచ్చిన ఖరీదైన నమూనాలో కూడా రబ్బరు బుడిపెలు ఉన్నాయి, వాటి కింద సన్నటి స్ప్రింగులు, లోహం తగలకుండా గుర్తించే పద్ధతి. పిల్లల శాస్త్రం ప్రకారం అది అచ్చమైన మెకానికల్ కానే కాదు. అయినా వేలికి నచ్చింది.

అందుచేత అడిగిన మిత్రులకు నా జవాబు ఇది. మెకానికల్ అన్న పేరు అవసరం లేదు. తన వేలికి కుదిరిన కీబోర్డు మాత్రం, రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు దాని ముందు కూర్చొనేవాడికి అవసరమే. అది 500 రూపాయల రబ్బరుతో కుదిరితే సరే, లేక 5,000 పెట్టి కొనుక్కుంటే అది వాడి జీను. రంగు రంగుల దీపాలు వెలిగేందుకు ఇంకో మూడు వేలు పెడితే మాత్రం మీరు నిరభ్యంతరంగా మందలించవచ్చు. దీపాలకూ ప్రోగ్రాముకూ సంబంధం లేదు.

చప్పుడు విషయంలో ఇంట్లోవాళ్ళ పక్షమే నాది. 2020లో అందరూ ఇళ్ళ నుంచి పనిచేయడం మొదలైన తరువాత మా ఇంట్లో నీలం స్విచ్చిలతో అర్ధరాత్రి దాకా మోత. "ముప్పై ఐదేళ్ళు మీ తాతగారి టకటకలు విన్నాను, ఇంక నా వల్ల కాదు నాయనా" అని మా ఆవిడ తేల్చి చెప్పింది. స్విచ్చిలను ఒక్కొక్కటే పీకి వేరేవి పెట్టుకొనే కీబోర్డులు ఇప్పుడు వస్తున్నాయట. వాడు ఒక ఆదివారం కూర్చొని అన్నీ మార్చి గోధుమ రంగువి పెట్టాడు. ఊడదీసిన నీలం స్విచ్చి ఒకటి నా చేతిలో పెట్టాడు. చింతగింజంత పెట్టెలో స్ప్రింగు. నొక్కి చూస్తే ఇన్‌స్టిట్యూటు గుర్తుకు వచ్చింది.

మన సభ్యులలో తెలుగు టైపు నేర్చుకోదలచినవారు కొత్త కీబోర్డు ఏదీ కొననక్కర లేదు. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖవారు అన్ని భారతీయ భాషలకూ ఒకే వరసలో ఇన్‌స్క్రిప్ట్ అమరిక తయారు చేయించారు, 1991లో యూనికోడులో తెలుగు చేరింది. ఆ అమరిక ఇప్పుడు కంప్యూటరులో ముందే ఉంటుంది, ఏ పలక మీదనైనా అదే వరస. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి. ఒత్తుకు వేరే కీ వెతకనక్కర లేదు, మధ్యలో పొల్లు కొడితే మిషనే సర్దుతుంది. కీల మీద తెలుగు అక్షరాలు లేవే అని భయపడవద్దు. మన ఇన్‌స్టిట్యూటులో కూడా కీబోర్డు మీద మూత పెట్టే కదా నేర్పింది. రోజుకు అరగంట చొప్పున రెండు నెలలు కూర్చుంటే చాలు. ఈ వ్యాసం నేను అలాగే కొట్టాను, మామూలు రబ్బరు కీబోర్డు మీద.